పచ్చవి విడిచిపెట్టి

నారాయణప్ప పురుషోత్తంతో మాట్లాడి నాలుగేళ్ళయింది.

ఇద్దరూ ఒకే ఫ్యాక్టరీలో, ఒకే గోడకు అటొకరు ఇటొకరు పనిచేస్తారు. ఒకే క్యాంటీన్లో తింటారు. పురుషోత్తం సాంబారు గిన్నె దగ్గర నిలబడి ఉంటే నారాయణప్ప పళ్ళెం పట్టుకొని దూరంగా ఆగిపోతాడు. అతను తప్పుకున్నాకే ముందుకు పోతాడు. వడ్డించే ఆమె మొదట్లో నవ్వేది, తర్వాత సర్దిచెప్పబోయింది, చివరికి అలవాటుపడిపోయింది.

హోసూరు పారిశ్రామికవాడలో, మూకండపల్లి పక్కన ఉంది ఆ ఫ్యాక్టరీ. గేర్లు తయారుచేస్తారు. మూడు షెడ్లు, ఆఫీసు మేడ, స్టోరు, క్యాంటీను, ముందు గేటు. ఈ ఆవరణలో గోడల లోపల, కప్పుల మీద, నేల కింద పరిచిన ప్రతి కంప్యూటరు తీగా నారాయణప్ప చేత్తో లాగిందే. వేప్పనపల్లి దగ్గర ఒక పల్లెబడిలో ఎనిమిది దాకా చదివి, కరెంటు పనికి వచ్చి, కంప్యూటర్లు వచ్చాక ఆ తీగలు నేర్చుకున్నవాడు. ఏ గోడలో ఏ తీగ ఎన్ని మలుపులు తిరిగి పోతుందో కళ్ళు మూసుకొని చెప్పగలడు. కాగితం మీద పెట్టమంటే మాత్రం పెట్టడు. పెడితే ఇంకొకడికి తెలుస్తుంది.

పురుషోత్తం ఒకప్పుడు అతని కింద పని నేర్చుకున్నవాడే. ఇప్పుడు తీగలేని నెట్‌వర్కంతా అతని చేతిలో ఉంది. కంపెనీవాళ్ళు బెంగళూరుకు పంపి నేర్పించారు. మేడలోనూ స్టోరులోనూ కప్పుకు బిగించిన తెల్లటి పెట్టెలు అతనివి.

రెండువేల ఆరు వేసవిలో ఈ రెండింటినీ కలపాలని పైవాళ్ళు నిర్ణయించారు. అప్పటిదాకా తీగకు ఒక పేరు, ఒక పాస్‌వర్డు. గాలికి ఇంకొకటి. ఆఫీసరు బల్ల దగ్గర తీగ పీకి, కంప్యూటరు చంకన పెట్టుకొని మీటింగు గదికి పోతే మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాలి. ఎవడు ఎక్కడినుంచి లోపలికి వస్తున్నాడో ఎవరికీ తెలియదు. కొత్త పద్ధతిలో పేర్ల పుస్తకం ఒకటే. తీగ గుచ్చినా, గాలిలో పట్టుకున్నా, ముందు ఆ పుస్తకంలో పేరుండాలి. లెక్కలవాళ్ళకు లెక్కలు కనిపిస్తాయి, స్టోరువాళ్ళకు స్టోరు కనిపిస్తుంది, బయటినుంచి వచ్చినవాడికి ఇంటర్నెట్టు తప్ప ఏమీ కనిపించదు.

మేనేజరు ఇద్దరినీ పిలిచి నిలబెట్టే చెప్పాడు. "కలిపినాక ఈడ ఒక మనిషి చాలు. ఇంకొకరు కృష్ణగిరికి పోవాల. ఆడ కొత్త గోడౌనులో మొదటినుంచి వెయ్యాల. ఈ పని చేసేదానికి స్మిత అని ఇంజనీరమ్మ వస్తాంది. ఎవరు ఉండాలో, ఎవరు పోవాలో ఆయమ్మ చూసి రాస్తుంది."

నారాయణప్పకు రెండే కోరికలు కలిగాయి. తను ఇక్కడ ఉండాలి. వాడు పోవాలి. ఉండాలనుకోవడానికి మూకండపల్లిలో రెండు గదుల బాడుగ ఇల్లొకటి ఉంది, కెంచమ్మ కాపురం చేసిన ఇల్లు. వాడు పోవాలనుకోవడానికి కారణం కూడా కెంచమ్మే.

నాలుగేళ్ళ కింద ఒక రెండో శనివారం. ఫ్యాక్టరీకి సెలవు. పాత తీగలు పీకి కొత్తవి వేసేందుకు ఇద్దరే వచ్చారు. సర్వర్ గదిలో బీరువా అంత ఇనుప గూడు ఉంటుంది. ఆవరణలోని తీగలన్నీ చివరికి అక్కడికే చేరతాయి. ఫోన్లవీ అక్కడికే, కంప్యూటర్లవీ అక్కడికే, ఒక్కో రకానికి ఒక్కో రంగు. ఏవి పీకాలో ఏవి ముట్టుకోకూడదో పురుషోత్తానికి చెప్పి, నారాయణప్ప మూడో షెడ్డు కప్పు మీదికి ఎక్కాడు. పురుషోత్తం ఫోను తీగలు పీకేశాడు.

పదకొండింటికి కెంచమ్మ గుండె పట్టుకొని గడపలో కూలబడింది. పక్కింటామె గేటుకు పరుగెత్తుకొచ్చింది. గేటు కాపలా ఆదిశేషయ్య మూడో షెడ్డుకు ఫోను చేశాడు. ఫోను మోగలేదు. ఎనిమిదిసార్లు చేశాడు. గేటు వదిలి పోకూడదు, పంపడానికి మనిషి లేడు. ఒక లారీ వచ్చేదాకా ఆగి, దాని క్లీనరును పంపాడు. ఆ క్లీనరు మూడో షెడ్డు అనుకొని మొదటి షెడ్డు చుట్టూ తిరిగాడు. అక్కడ ఇంటి దగ్గర ఆడవాళ్ళు మొగుడు రానిదే ఎట్లా తీసుకుపోతాం అని కూర్చున్నారు. గంటా పావు పోయింది. ఆటోలో నారాయణప్ప ఒళ్ళోనే పోయింది ఆమె. ఇంకొంచెం ముందు తెచ్చి ఉంటే అని డాక్టరు ఏదో అనబోయి ఆపుకున్నాడు.

శవం ఇంటి ముందు ఉండగానే, పదిమంది చూస్తుండగా నారాయణప్ప వేలు చూపించి అన్నాడు. "నా పెండ్లాన్ని చంపినోడు వీడు."

పురుషోత్తం తల వంచుకొని నిలబడ్డాడు. మాట్లాడలేదు. మాట్లాడలేదు కాబట్టి అందరూ నిజమే అనుకున్నారు. కంపెనీ పొరపాటు అని రాసుకొని వదిలేసింది. నారాయణప్ప వదల్లేదు. పిల్లలు లేని మనిషి. తెల్లవారితే లేపేవాళ్ళు లేరు. ఆ కోపమే లేపేది.

స్మిత హోసూరు బజారులో గుడ్డల అంగడి ద్వారకనాథ్ శెట్టి కూతురు. బెంగళూరులో ఉద్యోగం, రోజూ జూజువాడి మీదుగా వచ్చిపోతుంది. మొదటిరోజే ఇద్దరినీ వెంటబెట్టుకొని స్టోరుకు పోయి, కప్పుకు బిగించిన తెల్లపెట్టెను చూపించింది.

"దీనికి తీగ ఎక్కడినుంచి వస్తోంది?"

పురుషోత్తం నారాయణప్ప వైపు చూశాడు. నారాయణప్ప కప్పు వైపు చూశాడు.

"చెప్పండప్పా," అంది స్మిత.

"ఆ పెట్టె నాది కాదమ్మా. దాని ఆసామిని అడుగు."

"పెట్టె నాదే మేడమ్," అన్నాడు పురుషోత్తం. "తీగ ఆయప్పది."

"తీగ లేని నెట్‌వర్కు అని పేరు పెట్టుకోనుండారు గదా," అన్నాడు నారాయణప్ప కప్పు వైపే చూస్తూ. "మళ్ళా తీగ ఏంటికి? గాలి తిని బతకమను."

"తీగ లేకపోతే పెట్టె పనిచెయ్యదని ఆయప్పకూ తెలుసు మేడమ్. మా పెట్టెల తోకలన్నీ ఆయప్ప చేతిలోనే ఉండాయి."

స్మిత ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "మీరిద్దరూ మాట్లాడుకోరా?"

"మాట్లాడుకుంటానే ఉండాం గదా మేడమ్," అన్నాడు పురుషోత్తం. "మీ చేత."

రెండు వారాలు అలాగే సాగింది. ఆమె మధ్యలో నడిచేది. ఒక వైపు అడిగింది రెండో వైపు చెప్పేది. ప్రతి తెల్లపెట్టె వెనకా ఏ తీగ ఉందో, ఆ తీగ ఇనుప గూడులో ఏ రంధ్రంలోకి పోతుందో అంతా రాయాలి. రాయకపోతే రెండూ కలవవు. నారాయణప్ప అడిగినంతకే చెప్పేవాడు, అంతకు మించి ఒక్క ముక్క వదిలేవాడు కాదు. కానీ చెప్పినది ఒక్కటీ తప్పు కాలేదు.

మూడో సోమవారం మధ్యాహ్నం సర్వర్ గదిలో నారాయణప్ప, స్మిత ఇద్దరే ఉన్నారు. స్మిత ఒళ్ళో కంప్యూటరు పెట్టుకొని కుర్చీలో కూర్చుంది.

"ఈవారం రిపోర్టు ఇచ్చెయ్యాలప్పా. మీ తీగల్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కానీ పురుషోత్తానికి రెండు పనులూ వచ్చు. మీకు ఒకటే వచ్చు. ఎవరిని ఉంచమని రాయాలో తెలియడం లేదు."

దీనికోసమే నారాయణప్ప కాచుకొని ఉన్నాడు. "వానికి రెండు పనులు వచ్చు. ఒకటి తీగలు పీకేది. ఇంకొకటి మనుషుల్ని చంపేది. అట్లే రాయమ్మా."

ఆమె ఉలిక్కిపడి చూసింది. అతను మొత్తం చెప్పాడు. గడప దగ్గర కూలబడటం చెప్పాడు, ఎనిమిదిసార్లు మోగని ఫోను చెప్పాడు, క్లీనరు సంగతి చెప్పాడు. నాలుగేళ్ళు లోపల చెప్పుకొని చెప్పుకొని అరగదీసిన మాటలవి.

"సారీ అప్పా," అంది ఆమె చివరికి. "ఆరోజు మీరు ఆయనకు ఏమని చెప్పారు? ఉన్నది ఉన్నట్టు చెప్పండి. రాస్తే అది కూడా రాయాలి."

"చిలక్కి చెప్పినట్టు చెప్పినాను. పచ్చవి విడిచిపెట్టి కడమవన్నీ పీకెయ్ అన్నాను. పచ్చవి ఫోన్లవి."

ఆమె వేళ్ళు కదిలాయి. "గ్రీన్ ఫోన్లవి. ఆయన గ్రీన్ కూడా పీకేశారు."

"గ్రీనా? గ్రీనువి ముట్టుకోలేదమ్మా వాడు. అవి కంప్యూటర్లవి. వాటిని సుబ్బరంగా పెట్టినాడు. పచ్చవి పీకినాడు. అదే గదా చెప్తాండేది."

ఆమె వేళ్ళు ఆగాయి. "పచ్చ అంటే గ్రీనే కదప్పా?"

"గ్రీను ఆకుపచ్చ. పచ్చ అంటే..." నారాయణప్ప ఇనుప గూడు దగ్గరికి పోయి ఒక తీగ పట్టుకొని చూపించాడు. "ఇదో. ఇది పచ్చ."

"అది పసుపు."

"పసుపు పచ్చగా కాక ఎట్లుంటుంది? పచ్చకామెర్లు వస్తే కండ్లు ఏ రంగైతాయి?"

స్మిత కంప్యూటరు మూసింది. "మా అంగట్లో పచ్చ చీర అంటే గ్రీన్ చీరే తీస్తారప్పా," అంది మెల్లగా. "పురుషోత్తం ఏ బళ్ళో చదివాడు?"

"ఈడే. హోసూరులో. తమిళ బడి."

చెప్పాక అతని చేతిలోని తీగ అతని చేతిలోనే ఉండిపోయింది.

అతనికి తమిళం రాదని కాదు. పాతికేళ్ళుగా మాట్లాడుతున్నాడు. తమిళంలో ఆకును పచ్చై అనడానికి అతని నాలుక ఎన్నడూ తడబడలేదు. కానీ అది ఆ భాషలో మాట. ఇంటి తెలుగులో పచ్చ అంటే పసుపుకొమ్ము రంగు. ఈ రెండు పచ్చలూ ఒకదానికొకటి ఎదురుపడవచ్చని అతనికి తోచనే లేదు. పనిలో వాళ్ళిద్దరూ ఎల్లో, గ్రీన్ అనే అనుకొనేవారు. ఆ ఒక్కరోజు నిచ్చెన ఎక్కే తొందరలో, వెనక్కి తిరగకుండానే, ఇంటి మాట నోటికొచ్చింది. పురుషోత్తం చెప్పినట్టే చేశాడు. తనకు వినబడిన పచ్చవి విడిచిపెట్టాడు. మిగిలినవన్నీ పీకేశాడు.

"నేను ఇదేమీ రాయనప్పా," అంది స్మిత. "మీరు కూర్చోండి. నీళ్ళు తెస్తాను."

అతను కూర్చోలేదు.

పురుషోత్తం క్యాంటీన్లో నిచ్చెన మీద ఉన్నాడు. కప్పుకు ఒక తెల్లపెట్టె బిగిస్తున్నాడు. భోజనాలైపోయాయి. బల్లలు తుడిచి పెట్టారు. నారాయణప్ప నిచ్చెన కింద నిలబడ్డాడు.

"పురుషోత్తం."

స్క్రూ తిప్పే చెయ్యి ఒక్క క్షణం ఆగి మళ్ళీ తిరిగింది.

"పచ్చ అంటే నాకు ఏ రంగో నీకి తెలుసునా?"

"తెలుసు."

"ఎప్పుడినుంచి?"

"ఆయమ్మ పోయిన మూడో దినం నుంచి. సంతలో మా ఇంటామె పుష్పావతి పూలు కొంటాండింది. మీ వేప్పనపల్లి తట్టు ముసలామె ఒకామె పచ్చ చామంతులమ్మా అని ఎల్లోవి తీసి ఒళ్ళో పోసింది. నేను బండి పట్టుకొని ఆడనే నిలబడిపోయినాను."

"నాకు చెప్పలేదేం?"

పురుషోత్తం అప్పుడు కిందికి చూశాడు. నాలుగేళ్ళలో అతని చెంపలు నెరిశాయని నారాయణప్ప అప్పుడే గమనించాడు. "చెప్పేదానికే ఏడో దినం వచ్చినాను. నువ్వు వాకిట్లోనుంచే తరిమినావు. మళ్ళా వద్దామనుకున్నాను. పుష్పావతి వద్దనింది. ఆయప్ప నీ మీద కోపంతో అన్నా లేచి డ్యూటీకి పోతాండాడు, అదీ పెరికేస్తే యాడ పడిపోతాడో ఏమో, ఉండనీ అనింది. సరే అని ఉండిపోయినాను."

"నాలుగేండ్లా?"

"మొదటి ఏడు నీ మీద జాలి ఉండింది. అంతే అప్పా, ఒక ఏడే. రెండో ఏట మా రేణు బడినుంచి ఏడ్చుకుంటా వచ్చింది. తీగ పీకినోని కూతురు అంటాండారంట. ఏడేండ్ల బిడ్డ. మా నాయన నిజంగా చంపినాడా అని వాళ్ళమ్మను అడిగింది." స్క్రూ డ్రైవరు జేబులో పెట్టుకున్నాడు. "ఆ పొద్దే వచ్చి నీ వాకిట్లో నిలబడి అరిచి చెప్పాల్సింది. అదే నేను చేసిన తప్పు. కడమదంతా నీది."

నారాయణప్ప ఏ మాట చెప్పినా అది నాలుగేళ్ళ కింద చెప్పాల్సిన మాట. శవం ముందు అన్నది పదిమంది విన్నారు. ఇప్పుడు వినడానికి తుడిచిన బల్లలు తప్ప ఎవరూ లేరు.

"కృష్ణగిరికి నేను పోతాను," అన్నాడు.

అతను వద్దంటాడని నారాయణప్ప అనుకున్నాడో లేదో గానీ, ఆగాడు.

"పో," అన్నాడు పురుషోత్తం. పైకి తిరిగి పెట్టె అంచుకు చెయ్యి ఆనించి చూసుకున్నాడు. "పొయ్యేముందు దీనికి తీగ ఏదో చెప్పి పో."

"సర్వర్ గది గూటిలో పదిహేడో నంబరు. గుంజొద్దు. మలుపు కాడ రవంత బిగువుగా ఉంటుంది."

"సరే."

ఆ వారమంతా నారాయణప్ప రాశాడు. పెన్ను పట్టడం అలవాటు లేని చెయ్యి. ఒక పొడుగు నోటుబుక్కులో గది గదికీ పేజీ పెట్టి, ఏ తీగ ఎక్కడ మొదలై ఏ గోడలో మునిగి ఎక్కడ తేలుతుందో అన్నీ పెట్టాడు. రంగు రాయాల్సిన చోటల్లా ఇంగ్లీషు మాటే రాశాడు. ఆదివారం ముగ్గురూ కలిసి తీగ పుస్తకాన్నీ గాలి పుస్తకాన్నీ ఒకటి చేశారు. అడ్డంగా నిలబడినవాడు ఇప్పుడు అడక్కుండానే నంబర్లు చెబుతుంటే పని సాయంత్రానికే అయిపోయింది. సోమవారం లెక్కల ఆఫీసరు తన బల్ల దగ్గర తీగ పీకి, కంప్యూటరు తెరిచి పట్టుకునే స్టోరు దాకా నడిచాడు. తెర మీద ఏమీ మారలేదు. అతను తల ఎత్తి కూడా చూడలేదు.

నోటుబుక్కును నారాయణప్ప పురుషోత్తం బల్ల మీద పెట్టాడు. పురుషోత్తం దాన్ని తీసి సొరుగులో వేశాడు. ఇద్దరూ ఇప్పుడు మాట్లాడుకుంటారు. అడిగిందానికి జవాబు, అంతే. క్యాంటీన్లో సాంబారు గిన్నె దగ్గర నారాయణప్ప ఆగడం మానేశాడు. పక్కన నిలబడి వడ్డించుకున్నాడు. పురుషోత్తం వడ్డించుకొని వేరే బల్లకు పోయాడు.

ఇల్లు ఖాళీ చేసిన రోజు సామాను ఒక ఆటోకు చాలలేదు, రెండు ఆటోలు అయ్యాయి. పెద్ద సామాను కెంచమ్మది. పక్కింటామె వాకిట్లోకి వచ్చి నిలబడింది. ఇన్నేళ్ళు లేనిది ఇప్పుడు ఎందుకు పోతున్నావప్పా అని అడిగింది. కంపెనీ పంపిస్తాంది అన్నాడు.

కృష్ణగిరి గోడౌను రాయకోట రోడ్డు వైపు ఉంది. ఎత్తయిన రేకుల కప్పు, కింద ఒట్టి సిమెంటు నేల. మాట్లాడితే మాట తిరిగి వస్తుంది. అక్కడ తోడిచ్చిన మనిషి లింగయ్య, యాభై దాటిన కరెంటు మేస్త్రీ, నెమ్మదస్తుడు. రెండోవారంలో ఒక మధ్యాహ్నం ఇద్దరూ పెట్టెల మీద కూర్చొని టీ తాగుతున్నారు.

"ఒంటికాయ మనిషివా అప్పా?" అని అడిగాడు లింగయ్య.

"పెండ్లాం ఉండింది. చచ్చిపోయింది." నారాయణప్ప గ్లాసు కింద పెట్టాడు. "నా మాట వల్లనే పోయింది. ఇన్నాళ్ళు ఇంకొకని మీద పెట్టినాను."

ఈ మాట బయటికి అనడం అదే మొదటిసారి. అన్నాక ఏదో అవుతుందనుకున్నాడు. లింగయ్య టీ ఊదుకోవడం ఆపాడు.

"పేరేమి ఆయమ్మది?"

"కెంచమ్మ."

"యాడ పుట్టినామె?"

నారాయణప్ప ఊరు చెప్పాడు. లింగయ్యకు ఆ ఊరు తెలియదు. ధర్మపురి వైపువాడు.

"ఎట్లుండేది మనిషి?"

"రవంత పొట్టి," అన్నాడు నారాయణప్ప. "గెట్టిగా మాట్లాడేది." ఇంకా చెప్పాలని చూశాడు. ఆమె నవ్వితే ఎట్లా ఉండేదో, డ్యూటీ నుంచి ఆలస్యమైతే గడపలో నిలబడి ఏమని తిట్టేదో, ఆ తిట్టు వింటూ పక్కన పురుషోత్తం ఎట్లా నోరు మూసుకొని నవ్వేవాడో. ఆరేళ్ళు వారానికి రెండు పూటలు ఆమె చేతి రాగిసంగటి తిన్న మనిషి వాడు. వాడికైతే ఒక్క ముక్క చెప్పాల్సిన పని లేదు. వాడు హోసూరులో ఉన్నాడు, బస్సెక్కితే గంటన్నర. వాడు రమ్మనడు. తను పోడు.

"మంచామె," అన్నాడు చివరికి.

"ఆడోళ్ళు పోతే కష్టమే అప్పా," అన్నాడు లింగయ్య. రెండు గ్లాసులూ తీసుకుపోయి కొళాయి కింద కడిగి బోర్లించి వచ్చాడు. "రెండో వరుస మొదలుపెడదామా?"

నారాయణప్ప లేచి తీగ చుట్ట భుజానికెత్తుకున్నాడు.